ఉర్కుయా తెల్ల కంబళి

గొర్రె వెన్ను మీది ఉన్ని వేరు, కడుపు కిందది వేరు. వెన్నుది తెల్లగా మెత్తగా ఉంటుంది, పెళ్ళికూతురి పరుపుకి ఎత్తిపెడతారు. కడుపు కిందది పేడంటి, ముళ్ళు గుచ్చుకుని, గాడిద వీపు మీద వెయ్యడానికి తప్ప పనికిరాదు. రెండేళ్ళు దాచిన వెన్ను ఉన్నినంతా ఉర్కుయా వాకిట్లో రెల్లుచాప మీద గుమ్మరించేసరికి అత్త బాత్మాకాన్‌కి ఒళ్ళు మండింది.

"అంతా ఆ ఈసాకేనా? ఇంటికో గుప్పెడైనా ఉంచవే?"

"ఇంటికి కడుపు కిందది ఉంది గదత్తా."

"ఆయనకి వెన్ను, నాకు పొట్టా! బాగుందమ్మా వాటా."

ఉర్కుయా నవ్వింది. "సగం మనిషిని లేపలేదత్తా ఆయన. సగం ఉన్ని ఎట్టా ఇచ్చేది?"

మొగుడు పోయాక నాలుగేళ్ళు ఆమె వోడ్కా సీసాతోనే కాపురం చేసింది. కూతురి బూట్లు అమ్మి తాగింది. ఒక చలికాలం పొద్దున దొడ్డి వెనక మంచులో కట్టెలా పడుంటే, నారిన్ ఏటి అవతల ఈసాకి, అదే యేసుకి, ప్రార్థన చేసుకునేవాళ్ళు బండి మీద వేసుకుపోయారు. వంతులేసుకుని నెలన్నర పక్కన కూర్చున్నారు. ఆమె తిట్టినా వాళ్ళు లేచిపోలేదు, కక్కినా లేచిపోలేదు. తిరిగొచ్చిన ఉర్కుయా మళ్ళీ చుక్క ముట్టలేదు. వాళ్ళ ప్రార్థన గదిలో మట్టినేల. చలికి ముసలాళ్ళు మోకాళ్ళు ఆనించలేరు. చలి ముదిరేలోపు ఆ నేలంతా తెల్ల కంబళి పరుస్తానని మొక్కుకుంది.

ఈ కంబళి నేసేది కాదు, ఉన్నిని నొక్కి అతికించేది. ఉన్ని మీద సలసలా కాగే నీళ్ళు చల్లి, చాపతో సహా చుట్టి, తాళ్ళు బిగించి, ఆరుగురు ఆడవాళ్ళు మోచేతులతో నొక్కుతూ దొర్లించాలి. వేడి చల్లారితే పోగులు అతుక్కోవు, ఉన్ని అంతా పాడు. ఈ పనికి ఎవరింటికైనా ఊరు కదిలొస్తుంది. ఈ పొద్దు ఒక్కరూ రాలేదు.

గోడ మీద నుంచి పక్కింటి జూరా తొంగిచూసింది. "గొర్రెల్ని దించాలి వదినా, ఖాళీ లేదు."

"మంద ఇంకా కొండ మీదే ఉంది గదే!"

"సరే, ఉన్నమాటే చెప్తా. మనది మసీదున్న ఊరు, ఈసా నేలకి మేం చెయ్యి పెట్టం. ఆయన్నే పిలుచుకో, వచ్చి దొర్లిస్తాడు." వెనక నలుగురు ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు.

నీళ్ళు మరుగుతున్నాయి. ఉర్కుయా ఒక్క క్షణం చూసింది, తలగుడ్డ బిగించింది, నీళ్ళు పోసేసింది. చాప చుట్టి తాళ్ళు లాగి, మోకాళ్ళ మీద పడి నొక్కింది. ఈ కొస కదిలితే ఆ కొస కదలదు. మోచేతులు ఎర్రగా కాలిపోతున్నాయి. అయినా పాట ఎత్తుకుంది, మంచులోంచి లేపినవాడి పాట, గొంతు చించుకుని. చుట్ట వంకరపోతోంది.

బాత్మాకాన్ చేతిలోని టీ గిన్నె కింద పెట్టింది. లేచి గోడ దగ్గరికి నడిచింది.

"ఏమే జూరా! నా కోడలు మంచులో పడున్న పొద్దున నువ్వు నీళ్ళకి పోతూ చూశావా, లేదా?"

జూరా గోడ మీంచి చేతులు తీసేసింది.

"నేనూ చూశానే. పీడా పోయిందనుకుని తలుపేసుకున్నా. నా మనవరాలికి తల్లిని తెచ్చిచ్చినోళ్ళు మోకాలు ఆనించుకునే నేల అది. ఆ ఈసా ఎవరో నాకు తెలీదు. నేను మాత్రం బాకీ ఉన్నా."

ముసలమ్మ చేతులు పైకి మడుచుకుని ఆ కొస దగ్గర కూలబడింది. చుట్ట కదిలింది.

"ఇట్టాగటే నొక్కడం? నడుముతో తొయ్యి! పాట ఆపావేం, కానీ!"

గోడ మీద కాలు పడింది. "జరుగు పెద్దమ్మా, నీ కొస చల్లారిపోతోంది," అంటూ జూరా దూకింది. వెనకే ఇంకో ముగ్గురు, వేణ్ణీళ్ళ బిందెతో ఒకతి. ఆ పాట వాళ్ళలో ఎవరికీ రాదు. చుట్ట దొర్లినప్పుడల్లా "హే!" అని అరవడం మాత్రం అందరికీ వచ్చు. ఉర్కుయా చరణం అందుకుంటే, ఐదు గొంతులు "హే!" అంటున్నాయి, అందరికంటే గట్టిగా అత్త.