ఎనిమిది వందో తరం

"ప్రోగ్రామ్ చేసింది, నవీనా. మనం కాదు."

మేనేజర్ షోయబ్ సార్ ఆ మాట అనగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ప్రోగ్రామ్ దానంతటది పుట్టిందా? కన్నది నేను.

గల్ఫ్ దేశంలో, అజైబాలోని ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో కూర్చుని, నూట పదిమంది కూలీలకు డ్యూటీ షెడ్యూల్ వేసే పరిశోధన నాది. కంప్యూటర్లో రెండు వందల షెడ్యూళ్లను అడ్డదిడ్డంగా పుట్టిస్తాను. ఒక్కోదానికి మార్కులు వేస్తాను. మార్కులు రానివాటిని పారేసి, వచ్చినవాటిని జతకలిపి పిల్లల్ని చేస్తాను, అక్కడక్కడా ఒక గడి మారుస్తాను. అలా తరం తర్వాత తరం. ఎనిమిది వందో తరంలో పుట్టిన షెడ్యూల్‌ను చూసి మురిసిపోయి, నా కాన్ఫరెన్సు పేపర్లో మొదటి బొమ్మగా పెట్టుకున్నాను. సిగ్గులేని మురిపెం.

ఇక్కడ వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదు. ఆ వేళ ఎవరైనా సైట్‌లో ఉంటే మార్కులు కోసెయ్యమని రాశాను. నీడన నడుం వాల్చాలని మాత్రం రాయలేదు. ప్రోగ్రామ్ ఆ సందు పట్టుకుంది. పొద్దున సమాయిల్ సైట్‌లో పనిచేసినవాళ్లను సరిగ్గా ఆ వేళకే బస్సెక్కించి ఇబ్రా సైట్‌కు తోలింది. చట్టమూ తప్పలేదు, ఒక్క పనిగంటా పోలేదు. నూటికి తొంభై ఎనిమిది మార్కులు.

ఆ షెడ్యూల్ అమలైన పన్నెండో రోజున లింబాద్రి అనే కూలీ ఆ బస్సులోనే స్పృహ తప్పి పడిపోయాడు. అతని రూమ్‌లో ఉండే పోచన్న ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ చేశాడు. ఇద్దరిదీ మా జగిత్యాల వైపే.

"బిడ్డా, బస్సుల ఏసీ ఖరాబయ్యి నెలాయె. కూసుంటే పెంక మీద కూసున్నట్టే. గిది రెస్టంటరా? ఆ కాయితం ఎవలు రాసిండ్రో గని, ఒక్కపారి వాళ్లను ఎక్కియ్యి."

"నేనే రాసిన కాకా."

అతను ఫోన్ పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

విశ్రాంతి పోతే మార్కులు కోసేలా మారుస్తానంటే షోయబ్ సార్ ఒప్పుకోలేదు. పని వెనకబడుతుందట. అప్పుడన్నదే ఆ మాట.

సరే అనుకున్నాను. వారానికోసారి రెండు సైట్లూ చూడాలని ఆయన ఉద్యోగపు కాగితంలోనే ఉంది. ఏనాడూ వెళ్లింది లేదు. నూట పదకొండో పేరుగా ఆయన్ని చేర్చి ప్రోగ్రామ్ నడిపాను. దానికి చుట్టాలు లేరు, మేనేజర్లు లేరు. మర్నాడు పొద్దున షెడ్యూల్ ఎప్పటిలాగే సైట్ల వాట్సాప్ గ్రూపులన్నిటికీ వెళ్లింది.

ఆయన ఫోన్ పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. "మధ్యాహ్నం ఒంటిగంటకు నేను ఆ బస్సులోనా? నాకు బీపీ ఉంది!"

"ప్రోగ్రామ్ చేసింది సార్. మనం కాదు."

తనదాకా వస్తేగానీ తెలియదంటారు. పది నిమిషాల్లో ఆ విశ్రాంతి రూల్ రాసెయ్యమన్నాడు. లింబాద్రి ఆసుపత్రిలో నాలుగు రోజులున్నా కదలని మనిషి!

కొత్త షెడ్యూల్‌కు డెబ్బై ఒకటే వచ్చింది. పేపర్లో మొదటి బొమ్మను మాత్రం నేను తీసెయ్యలేదు. దాని కింద రాశాను: ఈ షెడ్యూల్ లింబాద్రి అనే మనిషిని పడగొట్టింది. మార్కులు వేసింది నేను.