కొబ్బరినీళ్ళు తాగిన ఎర్త్ వైరు

నేను ఒక ఎర్త్ వైరును. మూరెడు పొడవున్న రాగి జడను. నా ఒక కొస పాత వ్యాన్ బ్యాటరీకి, రెండో కొస బోల్టుతో బండి ఇనుప చట్రానికి బిగించి ఉంటాయి. బ్యాటరీలోంచి బయల్దేరిన కరెంటు, ఇంజన్ని లేపే సెల్ఫ్ మోటారును తిప్పి మళ్ళీ ఇల్లు చేరాలంటే నా మీదుగానే రావాలి. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తుండదు.

మొదట కాన్వెంటు పిల్లల్ని మోశాం, తర్వాత షామియానాల్ని. ఎవరూ నా ముఖం చూడలేదు, నాకే జబ్బూ రాలేదు. మూడో యజమానిగా నూకరాజు వచ్చాడు. అతనికి భక్తి ఎక్కువ. వాళ్ళ నాన్న శుక్రవారం శుక్రవారం పడవ ముక్కు మీద కొబ్బరినీళ్ళు పోసేవాడట. కొడుక్కి పడవ లేదు కాబట్టి బానెట్ ఎత్తి ఇంజన్ మీద పోసేవాడు. ఆ నీళ్ళు జారి జారి సరిగ్గా నా బోల్టు దగ్గర చేరేవి. పడవ చెక్క సంగతి నాకు తెలీదు గానీ, రాగికి అది పడదు.

అతను బండి కొన్న నాలుగో ఏడు ఒక పొద్దున్న తాళం తిప్పితే ‘టక్’మని ఊరుకుంది బండి. నలుగురు తోస్తే కదిలింది. మస్తాన్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం బుద్ధిమంతురాలిలా ఒక్క తిప్పుకే లేచింది.

“రోగం చూపించకుండా మందెలా వెయ్యను బావా?” అన్నాడు మేస్త్రీ. అయినా బ్యాటరీ మార్చాడు. తర్వాత సెల్ఫ్ మోటారు మార్చాడు. మార్చేటప్పుడు చెయ్యి తగిలి నేను కాస్త కదిలేదాన్ని, పది రోజులు బాగుండేది. ఆ ఆనందంలో నూకరాజు ఇంకో కొబ్బరికాయ కొట్టేవాడు.

బండి రొయ్యపిల్లల్ని మోస్తుంది. ఆక్సిజన్ నింపిన సంచుల్లో, ఐసు మధ్య, గోదావరి అవతలి చెరువులకి. వాటికి ఆయువు గంటల్లోనే. రెండుసార్లు ఆలస్యమయ్యేసరికి, ఆ పిల్లల్ని పొదిగించే హేచరీ మేనేజరు బాపినీడు తేల్చేశాడు. “ఇదే ఆఖరు నూకరాజూ. ఈసారి పిల్లలు చస్తే నీ బండి మా గేటు లోపలికి రాదు.”

ఆ ఆఖరి లోడుతోనే ఒక శుక్రవారం, బండ్లని గోదారి దాటించే పంటు ఎక్కాం. ఎండ మాడుస్తోంది. పంటు అవతలి ఒడ్డుకి ఆనింది. నూకరాజు తాళం తిప్పాడు.

టక్.

తోద్దామంటే ముందు ఎత్తుగట్టు, వెనక గోదారి. ఐసు కరిగి బండి కింద మడుగు కడుతోంది.

“ఏటి నూకరాజూ, నా పంటు మీద కాపరం పెట్టేత్తావేటి?” అన్నాడు పంటు ఇంజన్ నడిపే చిట్టబ్బాయి.

“మొన్ననే కొత్త బ్యాటరీ ఏశాను బాబాయ్!”

“గోదాట్లోకి తోసెయ్యండి, రొయ్యలైనా బతుకుతాయి!” అని అరిచాడు వెనక ట్రాక్టరతను.

నూకరాజు నవ్వలేదు. సంచి మీద చెయ్యి వేసి చూశాడు. గోరువెచ్చగా ఉంది.

చిట్టబ్బాయి బానెట్ ఎత్తాడు. “తాళం తిప్పి అలాగే పట్టుకో.” ఒక్కో వైరునీ తడుముతూ వచ్చి, నా బోల్టు మీద చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. “ఓరినాయనో, కాలిపోతంది! తిప్పడం ఆపు. జబ్బు ఇక్కడుందిరా.”

బోల్టు విప్పితే అంతా పచ్చటి చిలుము. చిట్టబ్బాయి తల పంకించాడు. “సముద్రపు గాలిరా. ఉప్పు తినేసింది.”

గాలి కాదు మహాప్రభో! నాకు నోరుంటే ఎంత బాగుండేది!

“గీకడానికేవైనా ఉందా?”

డాష్‌బోర్డు మీద ఆ శుక్రవారం కొబ్బరికాయ ఉంది. దాని పీచు పీకి, ఇసుక అద్ది, నన్ను తళతళలాడేలా తోమి బిగించాడు. తాళం తిప్పగానే ఇంజన్ గుర్రుమంది. నూకరాజు చిట్టబ్బాయి రెండు చేతులూ పట్టుకున్నాడు.

చెరువుగట్టు మీద రైతు సంచి విప్పాడు. పిల్లలు చురుగ్గా ఈదుతున్నాయి. అక్కడినుంచే బాపినీడుకి ఫోన్ చేశాడు. “సీడు హుషారుగా ఉందండీ. వచ్చేసారీ ఈ బండిలోనే పంపించండి.”

నూకరాజు కళ్ళు తుడుచుకుని, బానెట్ ఎత్తి నా ముందు నిలబడ్డాడు. ఈ నాలుగేళ్ళలో అతను నా ముఖం చూడడం అదే మొదలు. కుంకుమ బొట్టు పెట్టాడు. “ఇన్నాళ్ళూ నిన్ను కనిపెట్టలేదు తల్లీ, తప్పయిపోయింది” అన్నాడు.

పీచు తీసిన ఆ కొబ్బరికాయను ఠంగుమని పగలగొట్టాడు. ఈసారి ఇంజన్ మీద ఒక్క చుక్క కూడా వృథా చెయ్యలేదు. మొత్తం నా మీదే పోశాడు.