ఐదు సీడీల పెట్టె

మా ఆయన పేరు దైవాశీర్వాదం. ఆయన పాటలు మానేసింది నా వల్లే. మా చర్చి సంఘంలో ఎవరికీ ఈ మాట తెలియదు. వాళ్లంతా ఆయన భక్తి వల్ల అనుకుంటారు.

పెళ్లికి ముందు ఆయన కాకినాడ నుంచి సరుకు ఓడల మీద ఆరేళ్లు తిరిగాడు. ట్రినిడాడ్ రేవులో ఓడ వారం రోజులు ఆగిపోయినప్పుడు సిరిల్ బోమాంట్ అనే గాయకుడి పాటలు చెవిన పడ్డాయట. ఆ దీవుల్లో వాటిని కలిప్సో అంటారు. పెద్దమనుషుల్ని వెక్కిరిస్తూ, మొగుడూ పెళ్లాల మీద ఛలోక్తులు విసురుతూ వీధుల్లో పాడుకునే పాటలు. నేను నర్సు ఉద్యోగం మీద అమెరికా వచ్చి, ఆయన్ని తెచ్చుకుని, క్యారీ అనే ఊళ్లో ఇల్లు కొన్నాక ఆయన తన కోసం కొనుక్కున్న మొదటి వస్తువు ఆ గాయకుడి ఐదు సీడీల పెట్టె. యాభై ఏళ్ల పాటలున్నాయి అందులో. మొదటి సీడీలో కుర్రగొంతు మంచి పొగరు మీద ఉంటుంది. ఐదో దాంట్లో ముసలాయన ఒక్క గిటారుతో పల్లెపాటలు పాడుతూ మధ్యలో దగ్గుతాడు. మా ఆయన ఆ దగ్గు కూడా దగ్గి మరీ పాడేవాడు.

అందులో ఒక పాట ఉంది. చేపలమ్మే పెళ్లాం తిడుతుంటే మొగుడు వెళ్లి సముద్రానికి ఫిర్యాదు చేసుకుంటాడు. నేను నోరు చేసుకున్నప్పుడల్లా ఈయన ఆ పాట ఎత్తుకునేవాడు. నాకు నవ్వొచ్చేది. లోకువైపోతానని నవ్వు కనబడనిచ్చేదాన్ని కాదు. ఎంత తెలివితక్కువదాన్ని.

ఏడేళ్ల కింద పక్క ఊరు మోరిస్‌విల్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆయన్ని సంఘపెద్దగా తీసుకుందామన్నారు. ఆయనకంటే నాకే ఆశ ఎక్కువ. పెద్ద అయ్యేవాళ్లు ముందు అందరి ఎదుటా నిలబడి సాక్ష్యం చెప్పాలి. తాగుడు మానేశాననో, అబద్ధాలు మానేశాననో ఏదో ఒకటి ఉంటుంది అందరికీ. ఈయనకి మానడానికి ఏమీ లేదు. లోక సంబంధమైన పాటలు విడిచిపెట్టానని చెప్పమన్నాను. చెప్పాక అబద్ధం కాకూడదు కదా అని, ఆ శనివారమే సీడీల పెట్టెను పాత బట్టలతో కలిపి దానాల దుకాణంలో ఇచ్చేసి వచ్చాను. ఆయన కారు అరలో వెతుక్కుని, నా వంక చూసి, అర మూసేశాడు. ఆదివారం నిలబడి నేను చెప్పమన్నట్టే చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఆ తర్వాత నేను ఎంత తిట్టినా ఆయన కూనిరాగం కూడా తీయలేదు.

పోయిన చలికాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తిరిగాయి గానీ మాట పోయింది. అన్నీ అర్థమవుతాయి, నోరు తెరిస్తే గాలి తప్ప రాదు. మాట నేర్పడానికి అనుష్క అనే తెలుగమ్మాయి వారానికి రెండుసార్లు ఇంటికి రాసాగింది. ఇక్కడే పుట్టిన పిల్ల. మాట పోయినా పాట మిగులుతుందని, పాట పట్టుకుని మాట దగ్గరికి వెళ్లొచ్చని చెప్పింది. నర్సునైన నాకూ అది తెలుసు. అంకుల్ బాగా పాడిన పాటలేవి అని అడిగితే, క్రైస్తవ కీర్తనలని చెప్పాను. అంత అలవాటైపోయింది నాకు ఆ సాక్ష్యం.

రెండు నెలలు కీర్తనలే పాడింది ఆ పిల్ల. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు, పెదవి కదిపేవాడు కాదు. మొదటి మూడు నెలల్లో రాని మాట తర్వాత రావడం కష్టమంటారు. ఆ రోజులన్నీ నేనే తినేశాను.

చివరికి ఒకరోజు, ఆయన కోసం ప్రార్థన చేయడానికి వచ్చిన సంఘపెద్ద షాలేం రాజు దగ్గర ఉండబట్టలేక అడిగాను, లోక గీతాలు పాడే పెద్దలు ఎవరైనా ఉన్నారా అని. ఆయన వింతగా చూశాడు.

"అదేంటక్కా, నేను ఆఫీస్‌కి డ్రైవ్ చేసేటప్పుడు రోజూ పాత సినిమా పాటలే కదా వినేది. ఎవరు వద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. నేనే అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రోజే అనుష్కకి నిజం చెప్పాను. అల్ఫారెట్టాలో ఉండే మా అమ్మాయి ఫెబీ ఎక్కడో వెతికి అదే పెట్టె పంపింది.

అనుష్క పాట పెట్టినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. రెండో చరణం దగ్గర ఇంకో గొంతు కలిసింది. మాటలు కొన్ని నలిగాయి గానీ మాటలే. పొయ్యి కూడా ఆపకుండా పరిగెత్తాను. ఆయన నన్ను చూశాడు, అంతే, నోరు మూసుకున్నాడు. దొంగతనంగా బెల్లం తింటూ దొరికిన పిల్లాడి ముఖం పెట్టాడు. పాడండి, నేనే తెప్పించాను అని గడ్డం పట్టుకుని బతిమాలాను. తల దించేసుకున్నాడు. నేను అక్కడ ఉన్నంతసేపూ ఇంకో ముక్క రాలేదు.

అనుష్క మొహమాటపడుతూ, తను ఉన్నంతసేపూ నన్ను బయట ఉండమంది. అప్పటినుంచి ఆ గంటా ఇంటి ముందు కార్లో కూర్చుంటున్నాను. అద్దం దించితే పాట లీలగా వినబడుతుంది. నా మొగుడు నా ఇంట్లో పాడుతుంటే నేను వీధిలో కూర్చుని వింటున్నాను.

నిన్న అనుష్క పాట ఇంకా మోగుతుండగానే బయటికి పరిగెత్తుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఆంటీ, అంకుల్ ఇవాళ ఫుల్ సెంటెన్స్ చెప్పారు! పాట కాదు, ఓన్‌గా!"

ఏమన్నాడని అడిగాను. ఆ పిల్ల నవ్వింది.

"'వసంతకి చెప్పొద్దు' అన్నారు."

సో క్యూట్ కదా ఆంటీ అని కూడా అంది. అవునమ్మా అన్నాను. ఏడు నెలలు ఆ నోట ఒక్క మాట కోసం దేవుణ్ణి అడిగాను. వచ్చింది, నా పేరుతోనే వచ్చింది.

ఆ పిల్ల కారు మలుపు తిరిగేదాకా చూసి గుమ్మం దగ్గరికి వెళ్లాను. లోపల ఆయన ముసలి బోమాంట్‌తో కలిసి పాడుతున్నాడు. తాళం చెవి నా చేతిలోనే ఉంది. నా ఇంటికి నేనే బెల్ కొట్టి, పాట ఆగేదాకా బయట నిలబడ్డాను.