తొమ్మిది బుట్టల తొలిచిగురు

ఓంగ్దీ మేస్త్రీ ఆ పొద్దున అరవై మంది ఆడవాళ్ళను ఫ్యాక్టరీ వాకిట్లో వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ వాసన చూశాడు.

ముందు అరచేతులు, తరవాత జడ, తరవాత నోరు. డెబ్బై రెండేళ్ళ ముసలాయన, లెప్చా అనే కొండతెగ మనిషి. మా చిలౌనే తోటలో ఆకును టీగా మార్చే పని ఆయనది. చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు ముందుకు చాచి, చేపల బుట్ట చుట్టూ పిల్లి తిరిగినట్టు తిరిగాడు.

"ఊదు," అన్నాడు మొదటామెతో.

ఆమె ఊదింది.

"కినెమా." పులియబెట్టిన సోయా గింజల కూర మా ఇళ్ళలో పొద్దుటి పూట మామూలే.

"రెండు ముద్దలే తిన్నాను మేస్త్రీ."

"తిన్నది రెండు ముద్దలు, కొట్టేది రెండు కొండల అవతలికి. పక్కకు పో. నువ్వు? జడకు ఆవనూనె."

"అది నిన్న రాసుకున్నది."

"టీకి నిన్నా ఇవాళా తెలీదు. పో."

టీకి సిగ్గూ ఎగ్గూ లేదు. పక్కన ఏముంటే దాని వాసన పట్టేస్తుంది. అందుకే వెండికాగితం అతికించిన సంచుల్లో బిగించి పంపుతారు. మాకు ఆ సంచులు తెచ్చే లారీ, ముందు రోజు వడగళ్ళ వానకు విరిగిపడ్డ కొండచరియకు అవతల ఆగిపోయింది. మా దగ్గరున్నవి ఉతికి ఎండబెట్టిన నూలు సంచులు, తొమ్మిది. ఈ ఏటి తొలిచిగురు టీని వాటిలో పోసి, బుట్టల్లో పెట్టుకుని, కాలిదారిన కింది బజారుకు దించాలి. మూడింటిలోగా. మూడింటికి పాలిత్ బాబు జీపెక్కి కలకత్తా రైలుకు పోతాడు.

పాలిత్ బాబు టీ రుచి చూసి కొనే మనిషి. నమూనా పొట్లాలు తెచ్చి చూపించొద్దని ముందే కబురంపాడు. పొట్లంలో ఒకటి, బస్తాలో ఒకటి పెట్టిన తోటలను చాలా చూశాడట. మొత్తం సరుకు ముందుంచితే కొంటాడు, ఏడాది పంటకు బయానా ఇస్తాడు. బయానా వస్తే బొగ్గు వస్తుంది, బొగ్గు వస్తే ఫ్యాక్టరీ నడుస్తుంది. రాకపోతే వచ్చే సోమవారం తాళం చెవులు సర్కారు ఆఫీసులో తిరిగి ఇచ్చేయాలి. అలా రాసిచ్చాకే కార్మికుల కమిటీకి తోటను ఈ ఒక్క ఏడాదికి అప్పగించారు.

ఆ కాగితం మీద మొదటి వేలిముద్ర సుక్సరి దిదీది. నా భార్యకు సొంత అక్క. నన్ను జువాయి అంటుంది, చెల్లెలి మొగుణ్ణి గనక. ఆ పిలుపులో మర్యాద ఎంతుందో వెక్కిరింపూ అంతే ఉంటుంది.

మూడేళ్ళ కిందట మేనేజరు ఒక సాయంత్రం కుక్కతో సహా జీపెక్కి వెళ్ళిపోయాడు. తోట మూతపడింది. మగవాళ్ళం మైదానాల్లో పనులు వెతుక్కున్నాం. టీ మొక్కను కోయకుండా వదిలేస్తే మొక్కగా ఉండదు, చెట్టయి కూర్చుంటుంది. దిదీ ఆడవాళ్ళను పోగేసి, కూలీ ఇచ్చేవాడు లేకపోయినా వారం వారం చిగురు కోయించింది. కోసిన ఆకును పక్క తోటకు వాళ్ళిచ్చిన ధరకే పోసింది. "చెట్టు కదిపితే డబ్బు రాలుతుందని చెప్పి మా ముత్తాతల్ని నది దాటించి తెచ్చారు," అనేది. "నూటయాభై ఏళ్ళు కదిపాం, ఆకులే రాలాయి. ఇంకో మూడేళ్ళు కదిపితే పోయేదేముంది?"

అలాంటి దిదీ ఓంగ్దీ మేస్త్రీ ముందు నిలబడి చేతులు చాపింది. ఆయన చేతుల దాకా రానే లేదు. ఆమె కణతల దగ్గరే ఆగిపోయాడు.

"తలనొప్పి మందు రాశావు."

"రాత్రంతా నిద్రలేదు మేస్త్రీ."

"పక్కకు."

"మూడేళ్ళు తోటను నెత్తిన మోశాను. ఒక్క బుట్ట మోయడానికి పనికిరానా?"

"తోటను మోశావు గనక తలనొప్పి వచ్చింది. తలనొప్పి వచ్చింది గనక మందు రాశావు. మందు రాశావు గనక పక్కకు."

అరవై మందిలో నిలిచినవాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళ వాలకం చూడాలి. అందాల పోటీలో నెగ్గినట్టు గడ్డాలు పైకెత్తి నిలబడ్డారు. మిగతావాళ్ళు ఊరుకుంటారా?

"ఏమే పవిత్రా, నీకు వాసనెందుకు లేదో చెప్పనా? మీ అత్త నీకు తిండి పెట్టదు."

"పెడుతుంది. నీలాగా తిన్నది మూడు రోజులు దాచుకోను."

నన్ను మేస్త్రీ వాసనే చూడలేదు. నాకు బీడీ అలవాటని ఆయనకు తెలుసు. అయినా వెళ్ళమన్నాడు. ఆకు వాడబెట్టే అటక మీద ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. గాలి ఎటు నుంచి వస్తోందో చూసి ఏ కిటికీ తెరవాలో, ఏది మూయాలో చెప్పడమే నా పని. "నువ్వు ముందు నడు," అన్నాడు. "గాలి చెబుతూ ఉండు. దిదీ అడ్డం వచ్చినవాటిని తప్పిస్తుంది. ఇద్దరూ బుట్టలకు నూరు అడుగుల దూరం. దగ్గరికొచ్చారో, చంపేస్తా."

బయల్దేరాం. ముందు దిదీ, నేను. వెనక నూరు అడుగుల దూరంలో నుదుటి పట్టీల మీద తొమ్మిది బుట్టలు. మా దారి దారిలా ఉండదు, గోడ మీద నుంచి జారినట్టుంటుంది. కాళ్ళు మనవి కావు, వాలు ఎటు లాక్కుపోతే అటే. వాన కడిగిన కొండ, రెండాకులూ ఒక మొగ్గా తొడిగిన మొక్కలు, దిదీ చేతిలో వెదురు కర్ర. వెనక ఎవరో ఫక్కుమన్నారు. అది రెండోవాళ్ళకంటింది, మూడోవాళ్ళకంటింది. మాట్లాడొద్దన్నాడు గానీ నవ్వొద్దని చెప్పలేదు మేస్త్రీ.

మొదటి మలుపులో బీడీ కాలుస్తూ ఒకాయన ఎదురొచ్చాడు. దిదీ అతని నోట్లోంచి బీడీ లాగి మట్టిలో గుచ్చింది.

"ఏంటిది దిదీ?"

"టీ పోతోంది. ఊపిరి బిగబట్టి నిలబడు."

ఎందుకో అడగకుండా బిగబట్టాడు. తొమ్మిది బుట్టలూ దాటేదాకా బుగ్గలు పూరించుకుని, కళ్ళు మిటకరిస్తూ నిలబడ్డాడు. అతన్ని చూసి వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు.

రెండో మలుపులో మేకలు. వాటిలో రెండు పోతులు. పోతు కంపు తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

"గాలి ఎటు జువాయీ?"

"కింది నుంచి పైకి."

"అయితే మేకలు పైకి," అని దిదీ కాపరి కర్ర కూడా తనే పుచ్చుకుని మందనంతా గట్టుకు ఎక్కించింది. కాపరి తన మేకల వెంట తనే పరుగెత్తాడు. మూడు పిల్లలు దిగి రాబోతే వాటిని చంకలో పెట్టుకుంది. అవి అరుస్తుంటే, "మీకు వాసన లేదు గానీ నోరుంది," అంది.

అప్పటికి ఒంటిగంటన్నర. ఇంక ఒక్క వంపు, తరవాత కింది తోట కూలీల ఇళ్ళు, ఆ తరవాత బజారే.

వంపు తిరగ్గానే బాకాలు వినిపించాయి. వెనక బుట్టలను అక్కడే ఆగమని చెయ్యెత్తాను.

కూలీల ఇళ్ళ వాకిట్లో పెళ్ళి. మా దారి ఆ వాకిలి మధ్యనుంచే పోతుంది. అటు కొండ, ఇటు లోయ. నాలుగు పొయ్యిల మీద నాలుగు డేగిసాలు. రెండింట్లో పంది మాంసం, ఒకదాంట్లో మరిగే ఆవనూనె, నాలుగోది చూడలేకపోయాను. పక్కన రాగుల కల్లు. లామా ముందు సాంబ్రాణి. పొగ నీలంగా వాకిలంతా పరుచుకుని ఉంది. అప్పుడే పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు బ్యాండుతో వాకిలి చివరికి చేరారు.

దిదీ రాయి మీద కూలబడింది. ఆమె కూర్చోవడం ఆ రోజుకి అదే మొదలు. "అయిపోయింది జువాయీ. దీన్ని దాటిందంటే అది టీ కాదు, కూర," అంది.

ఈలోగా పెళ్ళికొడుకు తండ్రి వంపు మీది బుట్టలను చూశాడు. తలపాగా సర్దుకుని, "నిండు బుట్టలు," అన్నాడు మెల్లగా. పక్కవాళ్ళు లెక్క పెట్టారు. తొమ్మిది. పెళ్ళికి పోయేటప్పుడు ఒక్క నిండు బిందె ఎదురైతేనే మావాళ్ళు మురిసిపోతారు. ఇవి తొమ్మిది బుట్టలు, మోసేవాళ్ళంతా ఆడవాళ్ళు, పైగా తొలిచిగురు. బ్యాండువాళ్ళు వాయించడం ఆపేశారు.

"వాటిని ముందు నడవనివ్వండి," అన్నాడు. "వాటి వెనకే మావాడు వాకిట్లో కాలు పెడతాడు. లేకపోతే పెట్టడు."

దిదీ లేచింది. మోకాళ్ళు దులుపుకుని పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి వెళ్ళింది.

"విన్నావా అన్నా? నీ ఇంటికి తొమ్మిది నిండు బుట్టలొస్తున్నాయి. కావాలంటే పొయ్యిలు మూయి."

"మాంసం సగం ఉడికింది దిదీ."

"సగం ఉడికిన మాంసం మళ్ళీ ఉడుకుతుంది. సగంలో పోయిన శకునం మళ్ళీ వస్తుందా?"

"రెండొందల మందికి వంట. వంటవాడు నన్ను నరుకుతాడు."

"నరకనీ. ముందు పొయ్యిలు మూయి."

ఆయన వియ్యంకుడి వైపు చూశాడు. వియ్యంకుడు చేతులు కట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. ఆయన వంటవాడి వైపు చూశాడు. వంటవాడు గరిటె ఎత్తాడు. ఆయన చివరికి భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే ఒక డేగిసా మీద మూత పెట్టి, దాని మీద తనే కూర్చుంది, కిందొక పీట వేసుకుని.

తరవాత జరిగింది సగమే చెప్పగలను, నా కళ్ళ వెంట నవ్వుతో నీళ్ళు కారుతున్నాయి. నిప్పుల మీద తడి గోనెలు పడ్డాయి. దాంతో పొగ ఇంకా ఎక్కువైంది. "గాలి ఎటు?" అని దిదీ కేక. "లోయ వైపు తిరుగుతోంది, సాయం పట్టండి," అన్నాను. ఇళ్ళలోంచి చేటలు వచ్చాయి. యాభై అరవై మంది కొండ వైపు వరుసగా నిలబడి చేటలతో పొగను లోయలోకి విసరడం మొదలుపెట్టారు. పట్టుచీరల ముసలమ్మలు, మేనమామలు, మంత్రం ఆపిన లామా. వాకిలి బయటే నిలబడ్డ పెళ్ళికొడుకు చేతికి కూడా ఒక చేట వచ్చింది. మెడలోని పూలదండ ఎగురుతుంటే అతను అందరికంటే గట్టిగా విసిరాడు. బ్యాండువాళ్ళు చేటల ఊపుకు దరువు కలిపారు. పొగ కాస్త కదిలింది, లేచింది, దుప్పటి జారినట్టు లోయలోకి జారింది.

"ఇప్పుడు," అన్నాను.

తొమ్మిది మందీ పరుగందుకున్నారు. కల్లు తాగినవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. ఒకటి, రెండు, మూడు, అలా ఎనిమిది. తొమ్మిదోది కాస్త వెనకబడింది. అదీ దాటింది. వెనకే పెళ్ళికొడుకు చేటతో సహా వాకిట్లో కాలు పెట్టాడు.

రెండూ నలభైకి బజారు బంగళా వరండాలో ఉన్నాం. పాలిత్ బాబు పొట్టి మనిషి, కళ్ళద్దాలు. మమ్మల్ని చూసి గడియారం చూసుకున్నాడు. జీపు డ్రైవరును ఆగమన్నాడు. తన పెట్టెలోంచి తొమ్మిది తెల్ల కప్పులు తీసి వరుసగా పేర్చాడు. సంచుల్లోంచి చిటికెడు చిటికెడు తూచి వేశాడు. నీళ్ళు పోశాడు. ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో దిదీ కొంగు కొస మొత్తం నమిలేసింది.

చివర వచ్చిన సంచి వరండాలో ఆయనకు దగ్గరగా ఉంది. ముందు దాని కప్పే అందుకున్నాడు. గుడ్డ చింపినట్టు చప్పుడుతో జుర్రి, నోట్లో తిప్పి, డబ్బాలోకి ఉమ్మాడు.

"పంది," అన్నాడు.

చివరి బుట్ట పవిత్రది. పవిత్ర గోడకు ఆనుకుని, "పెళ్ళికూతురు కిటికీలోంచి చూస్తోంది. మొహం చూద్దామని ఆగాను. క్షణమే ఆగాను," అని నేలకేసి చెప్పింది. దిదీ దాన్ని తిట్టలేదు. చెయ్యి పట్టుకుంది.

రెండో కప్పు. జుర్రాడు, ఉమ్మాడు, మాట లేదు. మూడోది. నాలుగోది. ఏడో దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎనిమిది, తొమ్మిది. మళ్ళీ రెండోదాని దగ్గరికి వెళ్ళి ఈసారి ఉమ్మకుండా మింగాడు.

"ఎవరు చేశారిది?"

"ఓంగ్దీ మేస్త్రీ."

"ఇంకా బతికే ఉన్నాడా ఆయన?" అన్నాడు. "ఈ ఎనిమిదింటికీ వంక పెడదామని చూశాను, దొరకలేదు. తీసుకుంటున్నాను. బయానా కాగితం ఇప్పుడే రాస్తాను. ఆ పంది వాసన సంచి మాత్రం మీరే ఉంచుకోండి."

ఎనిమిది సంచులూ జీపెక్కాయి. కాగితం దిదీ రవికెలోకి వెళ్ళింది. పవిత్ర బంగళా వెనక గుట్ట ఎక్కి లోయకు అడ్డంగా గొంతెత్తి కూత వేసింది. ఆ కూతను పెళ్ళివాళ్ళు అందుకున్నారు, వాళ్ళ నుంచి మేకలకాపరి అందుకున్నాడు.

తొమ్మిదో సంచిని ఏం చేయాలో మాకు తెలియలేదు. ఐదు తరాలుగా తొలిచిగురు చేశాం గానీ మాలో ఎవరూ అది తాగి ఎరగరు. మాకు దక్కేది జల్లెడ కింద రాలిన పొడి. పెళ్ళివాకిలికి తిరిగొచ్చి, డేగిసా కడిగించి, పాలిత్ బాబు చేసినట్టే పాలు లేకుండా నీళ్ళు కాచి పోశాం. రెండొందల మందికి గ్లాసులు అందాయి. అందరూ ఒకేసారి తాగారు.

పెళ్ళికొడుకు తండ్రి గ్లాసులోకి తొంగిచూశాడు. "ఇందులో టీ వేయడం మరిచిపోలేదు కదా?"

"దొరలు నూటయాభై ఏళ్ళు దీనికోసమా ఇంత గొడవ చేసింది?" అంది ఒక ముసలమ్మ.

"పంది రుచి మాత్రం బాగుంది," అన్నాడు వంటవాడు.

దిదీ గ్లాసు చివరిదాకా తాగింది. పైన మా ఫ్యాక్టరీ పొగగొట్టంలోంచి పొగ లేచింది. కూత పైదాకా చేరినట్టుంది, ఉన్న కాస్త బొగ్గూ మేస్త్రీ పొయ్యిలో వేసేసినట్టున్నాడు. దిదీ దాన్ని చూస్తూ నిలబడింది, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె నవ్వుతోంది, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా. "ఉప్పూ పాలూ తెండే," అంది. "దీన్ని మనుషులు తాగేలా చేద్దాం." తరవాత గ్లాసు నా చేతికిచ్చి, చెప్పులు విడిచి, కొంగు నడుముకు బిగించి, బ్యాండు ముందుకు నడిచింది.