చండ్రుగొండకొచ్చిన కోతల మిషను

మా చండ్రుగొండలో కోతలకు కొదవ లేదు. పొలంలో వరి కోత, తీగల్లో కరెంటు కోత, పొద్దుగూకితే హోటలు బల్లల దగ్గర ఉత్త కోతలు. వీటన్నిటి నడుమ నాది రేడియం కోత. మెరిసే స్టిక్కరు కాగితం మీద అక్షరం గీసి, బ్లేడుతో కోసి, బండి నెంబరు ప్లేటుకో ట్రాక్టరు నొసటికో అంటించడం నా వృత్తి. సెంటర్లో ఏ బండి మీద ఏ పేరు మెరిసినా అది రామ్‌చందర్ రేడియం ఆర్ట్స్‌లో కోసిందే. ఆ రామ్‌చందర్‌ని నేనే.

రెండువేల ఆరులో చిక్కంతా నా కుడిచేతి బొటనవేలు తెచ్చింది. ఏళ్ళ తరబడి బ్లేడును నొక్కీ నొక్కీ మొద్దుబారింది. వంపు తిప్పమంటే తిన్నగా పోతోంది. మనిషి తిన్నగా పోతే మెచ్చుకుంటారు గానీ అక్షరం తిన్నగా పోతే ఎవరు మెచ్చుకుంటారు? సరిగ్గా అప్పుడే ఆటో యూనియన్ పెద్ద జానీ కొట్టుకొచ్చాడు. స్టాండులోని ఆటోలన్నిటికీ ఒకే తీరు స్టిక్కర్లు కావాలట. సోమవారం కొత్త స్టాండు ప్రారంభం. ఆలోగా కాకపోతే కొత్తగూడెంలో చేయించుకుంటారు. పోయేది ఆ ఒక్క పనే అయితే పోనీ అందును. ఒక్క ఆటో కొత్తగూడెం స్టిక్కరుతో సెంటర్లో తిరిగిందంటే ఇక నా కొట్టు మెట్టు ఎక్కేవాడుండడు. వేలి సంగతి చెప్పడానికి నోరు రాక, అవ్ అన్నాను.

నా భార్య శ్యామలకు మాత్రం వేలి సంగతి తెలుసు. నేను కోసిన అక్షరాలను లేపి బండికి అంటించేది ఆమే, వంకర ముందుగా పడింది ఆమె కంటనే. స్టిక్కర్లు కోసే మిషన్లు ఖమ్మంలో దొరుకుతున్నాయట, పోదాం పద అంది.

కంప్యూటరు గురించి నాకు తెలిసింది ఒక్కటే: దాని ముందు కూర్చున్నవాడు ఎవరు పలకరించినా తలెత్తడు. అలాంటి నేను మిర్చి యార్డు దగ్గర ఆ షాపులో దగ్గుకుంటూ మిషన్ ఎంచడానికి నిలబడ్డాను. ఏది మంచిదో చెప్పు నాయనా అంటే టై కట్టుకున్న అబ్బాయి నన్నే ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు. స్టిక్కరు కాగితం రోలు ఎంత వెడల్పు కావాలన్నాడు. రోట్లో తల పెట్టినవాడు రోకటిపోటుకు వెరవకూడదు కాబట్టి రెండడుగులన్నాను. బ్లేడు నొక్కుడు ఎన్ని గ్రాములుండాలన్నాడు. ఆ వీధిలో గ్రాముల్లో బేరం చేసిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. సీరియల్ కావాలా యూఎస్‌బీ కావాలా అన్నాడు. సీరియలనగానే శ్యామల తలెత్తింది గానీ, అది టీవీలో వచ్చేది కాదట, తీగ తగిలించే బొక్కట.

కంప్యూటరు అక్కర్లేని మిషన్ లేదా అని బతిమాలాను. మిషను చెయ్యి మాత్రమేనని, బుర్ర కంప్యూటరేనని చెప్పాడు. నా అవస్థ అందుకు సరిగ్గా తిరగేసి ఉంది. బుర్ర ఉంది, చెయ్యే లేదు.

చివరికి రెండు మిషన్లు మిగిలాయి, నల్లదొకటి, తెల్లదొకటి. రెండూ ఇంగ్లీషులో స్వాగతం కోశాయి, తెలుగులో శ్రీ కోశాయి. వాటికంటే ఎక్కువ ఆ అబ్బాయి కోశాడు. బడికి పోని పిల్లలు కూడా నడిపేస్తారన్నాడు. నేను బడికి పోయినందుకు సిగ్గుపడ్డాను. ఏది తీసుకోవాలో తేలక తల పట్టుకుంటే శ్యామల తేల్చేసింది.

"తెల్లది తీస్కో. నల్లదాని మీద కుంకుమ కనవడది."

ఆ షాపులో నాకు అర్థమైన మొదటి మాట అదే. తెల్లదే కట్టించాను. ఆటోలకు వేయాల్సిన యూనియన్ బొమ్మను అక్కడే గీయించి సీడీలో వేయించుకుని, మూతబడ్డ టైపు ఇన్‌స్టిట్యూటు వారి పాత కంప్యూటరొకటి పట్టుకుని ఇల్లు చేరాం.

శుక్రవారం పొద్దున పూజ. మా వైపు కొత్త సామాను బొట్టు లేకుండా పనిలోకి దిగదు. ఆటోకు పెడతారు, పంపుసెట్టుకు పెడతారు, తాళంచెవికీ పెడతారు. శ్యామల మిషను మూత ఎత్తి చూసింది. కాగితం పరిచే పలక మీద, ముందొకటి వెనకొకటి, చిన్న గుండ్రని గుంటలున్నాయి. బొట్టు పెట్టుకోవడానికే చేసినట్టున్నాయని మురిసిపోయి, తడి కుంకుమతో రెండూ నిండుగా దిద్దింది. నేను కొబ్బరికాయ కొట్టాను. మిషను మీద చుక్క నీరు పడకుండా బయటే కొట్టాను, అంత జాగ్రత్త.

ఆ తర్వాత మిషను మా ప్రాణం తీసింది. మొదట డ్రైవర్ లేడంది. నేనున్నా గదన్నా అని జానీ ముందుకొచ్చాడు. సీడీలో ఉండే డ్రైవరని తేలేసరికి ఆ పూట గడిచిపోయింది. తర్వాత ఒంటివేలితో వెతుక్కుంటూ ఇంగ్లీషులో నా పేరు కొట్టి, యూనియన్ పనికని ఎక్కించిన బంగారు రంగు రోలు మీద కోయమన్నాను. కొయ్యలేదు. మీడియా పెట్టమని మిషను మొహాన అక్షరాలొచ్చాయి. పేపరోళ్ళను పిలిస్తేనే పనిచేస్తదేమో అన్నాడు జానీ. ఖమ్మానికి ఫోన్ చేస్తే, మీడియా అంటే కాగితమే, పెట్టారా అన్నారు. పెట్టానన్నాను. తీసి మళ్ళీ పెట్టమన్నారు. తీశాను, పెట్టాను, మళ్ళీ నొక్కాను. శనివారమంతా తీయడం పెట్టడం, పెట్టడం తీయడం. మధ్యలో కరెంటువాళ్ళు తమ కోత తాము కోశారు. మిషను తప్ప ఊళ్ళో అందరూ కోస్తున్నారు. తిక్క రేగినప్పుడల్లా కంప్యూటర్లో కోయమనే ఆ మీట నొక్కుతూనే ఉన్నాను. యూనియన్ బొమ్మ నొక్కినా అదే మాట, కాగితం లేదు. కళ్ళెదుట కాగితం పెట్టుకుని లేదనే మొండితనం నేను పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం జానీ వచ్చి నిలబడ్డాడు. తనవాళ్ళు కొత్తగూడెం పోదామంటున్నారని నసిగాడు. కోపమొచ్చి బ్లేడు తీశాను. చేత్తోనే కోసి చూపిస్తానని మొదటి అక్షరం మొదలుపెట్టాను. వంపు దగ్గర బ్లేడు జారి కాగితం అడ్డంగా చీరింది. ఇంకో కాగితం తీశాను, అదీ అంతే. జానీ కాగితం చూడలేదు, నా వేలు చూశాడు.

"గిట్లయిందని ముందే చెప్తే ఏమైతుండె అన్నా?"

చీరిన కాగితాలను ఉండచుట్టి, బ్లేడు పక్కన పెట్టేశాను.

అతనే ఆటో మెట్టు దగ్గరికి తెచ్చాడు. తెల్లదాన్ని ఖమ్మంలో పారేసి నల్లదాన్ని తెద్దామన్నాడు. తీగలు పీకబోతుంటే శ్యామల అడ్డమొచ్చింది.

"ఆగుండ్రి. మనింటి కుంకుమతోటి పరాయోళ్ళకు ఇస్తరా? తుడవనీయుండ్రి."

తడిగుడ్డ తెచ్చి, రోలు పక్కకు జరిపి, ముందు బొట్టు తుడిచింది, వెనక బొట్టు తుడిచింది, రోలు మళ్ళీ సర్దింది. మిషను గుర్రుమంది. శ్యామల చెయ్యి లాక్కుంది. కాగితం ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, బ్లేడు దిగింది. ఖమ్మంవాళ్ళు తర్వాత చెప్పారు, ఆ గుంటలు కాగితం వచ్చిందో లేదో చూసే కళ్ళట. రెండు రోజులుగా మేం కళ్ళు మూసి, చూడవేమని తిట్టాం.

సంబరం నిమిషమే. నేను తిక్కలో నొక్కిన నొక్కులన్నీ కంప్యూటరు ఎక్కడో దాచిపెట్టింది. ముందు నా పేరు కోసింది. మళ్ళీ నా పేరు. మళ్ళీ నా పేరే. ఆపడం ఎలాగో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. యూనియన్ బంగారు రోలు మీద రామ్‌చందర్, రామ్‌చందర్ అని రామకోటి రాసినట్టు కోసుకుంటూ పోతుంటే నేను నెత్తి కొట్టుకున్నాను. నా నొక్కుళ్ళన్నీ తీరాకే అది యూనియన్ బొమ్మకొచ్చింది. డ్రైవర్లందరూ వచ్చి కొట్టు ముందు చాపలేసుకుని, గుండుసూదులతో అక్షరాల చుట్టూ పెచ్చులు పీకారు. వాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

సోమవారం ఆటోలన్నీ స్టాండులో వరుసగా నిలబడ్డాయి. వెనక అద్దం మీద యూనియన్ బొమ్మ. దాని కింద, ఇంత బంగారు కాగితం పారేస్తామా అని జానీ పట్టుబట్టి అంటించిన నా పేరు. చూసినవాళ్ళు ఇన్ని ఆటోలు నీవేనా అని అడుగుతుంటే, నాది పేరొక్కటేనని చెప్పుకుంటూ తిరుగుతున్నాను.

శుక్రవారం శ్యామల మళ్ళీ కుంకుమ గిన్నెతో వచ్చింది. మిషను ముందు చేతులడ్డం పెట్టి నిలబడ్డాను. ఆమె నా కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలికి బొట్టు పెట్టింది.

"దీనికేం కండ్లు లేవు గద," అంది.