కొండమ్మ చెప్పులు

పాసు చూపించిన కారుకు సలాము కొట్టి గేటెత్తిన కాపలావాడే, వెనక నిలబడ్డ కొండమ్మ పీతల బుట్టను కాలితో తన్నాడు. బుట్ట వెళ్ళి కాలవలో పడింది. ఆమె కోడలు రాజకుమారి తల దించుకుని కాలవలోకి దిగి బుట్ట తీసింది.

సునామీ అలకు మడ అడవి దెబ్బతిన్నదనీ, చెట్లు చిగురించేదాకా ఎవరూ అడుగు పెట్టరాదనీ బోర్డు పెట్టారు. ఆ బోర్డు పక్కనే గోవర్ధనరావు గేటు కాంట్రాక్టు తీసుకుని, పాసు కొన్నవాళ్ళను లాంచీలో తిప్పుతూ విరిగిన చెట్లు చూపిస్తున్నాడు. ఆ చెట్ల వేళ్ళ మధ్య పీతలు పట్టి బతికే పల్లె మాత్రం కట్ట మీదే ఆగిపోయింది.

ప్రార్థన మందిరం ముందు మీటింగు జరిగింది. సంఘం పెద్ద ఇస్సాకు ఇంకో అర్జీ పెడదామంటే అందరూ నవ్వారు. కొండమ్మ లేచింది.

"మనం నడిస్తే అడవి పాడైపోద్దంట. మరి లాంచీ ఏవన్నా ఆకాశంలో పోతందా? మూస్తే అందరికీ మూయమను. తీస్తే మనకీ తియ్యమను."

మర్నాడు పోటు తగ్గి నీళ్ళు తీసిన వేళ ఆడవాళ్ళంతా కట్ట మీద చెప్పులు విడిచి బురదలోకి దిగారు. ఎందరో మనుషుల్ని బురద మింగేసిన పల్లె అది. అందుకే అక్కడొక కట్టుబాటుంది: కట్ట మీద ఒక్క జత మిగిలినా, ఆ మనిషి వచ్చేదాకా ఎవరూ ఇల్లు చేరకూడదు.

కాపలావాళ్ళు కొండమ్మను పట్టుకుని స్టేషనుకని జీపెక్కించారు. మిగతావాళ్ళు పైకొచ్చి చూస్తే ఆమె చెప్పులు అక్కడే ఉన్నాయి. ఎవరూ నినాదం ఇవ్వలేదు. తడి చీరలతోనే వెళ్ళి గేటుకు అడ్డంగా కూర్చున్నారు. కాసేపటికి మగవాళ్ళూ వచ్చారు, ఇస్సాకుతో సహా. బందరు నుంచి వచ్చిన కార్లు కట్ట పొడుగునా నిలిచిపోయాయి.

గోవర్ధనరావు ముందు వరసలో ఉన్న రాజకుమారి దగ్గరికొచ్చి మెత్తగా మాట్లాడాడు. "చూడమ్మా, ఇంటికో పాసు ఇప్పిస్తాను. ఆ ముసలమ్మ సంగతి స్టేషన్లో చూసుకుంటారు. మీరు లేవండి."

ఇంటి దగ్గర పిల్లలు గంజినీళ్ళ మీదున్నారు. ఊఁ అంటే రేపే బుట్ట నిండుతుంది. రాజకుమారి వెనక్కి తిరిగి చూసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"మా అత్త ఇంకా బురదలోంచి రాలేదండీ," అంది.

"జీపులో వెళ్ళింది గదా?"

"అదీ బురదేనండీ."

పోలీసు వ్యాను వచ్చింది. లేవకపోతే అందరినీ ఎక్కిస్తామన్నారు. రాజకుమారే ముందు ఎక్కింది. తర్వాత ఎక్కడానికి ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకున్నారు. వ్యాను చాలలేదు. మిగిలినవాళ్ళు దాని వెనక నడక మొదలుపెట్టారు. లాంచీ సరంగు ఇంజను ఆపి, గోవర్ధనరావు పిలుస్తున్నా వినకుండా వాళ్ళలో కలిశాడు.

పక్క పల్లెలో ఒకామె వాకిట్లోకొచ్చి, ఎక్కడికమ్మా అందరూ అనడిగింది.

"మా మనిషిని తెచ్చుకోడానికి."

ఆమె లోపలికెళ్ళి, మండుతున్న పొయ్యిలో చెంబెడు నీళ్ళు పోసి, రోడ్డెక్కింది.