నల్ల రంగు కింది ముద్ర

హార్లన్ సైజ్‌మోర్ వంటింటి బల్ల మీద పాత తువాలు పరిచి దాని మీద తుపాకిని పడుకోబెట్టాడు. పక్కనే సగం తిన్న మొక్కజొన్న రొట్టె ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టాలని కూడా అతనికి తోచలేదు.

"ఇక్కడ చూడు ఓరిన్," అంటూ తుపాకి అడుగు భాగాన్ని కిటికీ వెలుతురుకి తిప్పాడు.

మందంగా వేసిన నల్ల రంగును అతను గోటితో, కిరోసిన్ గుడ్డతో గీకేశాడు. దాని కింద ఇనుములో చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. ఒక కంపెనీ పేరు, కింద ఒక ఊరి పేరు. నాకందులో తప్పేమీ కనిపించలేదు. జింకల వేటకి ఉన్న ఒక్క తుపాకీ తప్ప నాకు తుపాకుల సంగతి తెలియదు.

"పేరుంటే ఏమైంది?" అన్నాను.

"అదే నా కొంప ముంచింది. ఈ మెషిన్‌గన్ బెల్జియంలో తయారైంది. అరవై ఎనిమిదిలో వచ్చిన చట్టానికి ముందు మన దేశంలో దిగి, ప్రభుత్వం లెక్కకెక్కి ఉంటే, అనుమతి తీసుకుని నాలాంటివాడు ఉంచుకోవచ్చు. నా తర్వాత మా అమ్మాయి రెనేకి ఇచ్చుకోవచ్చు. ఆ చట్టం తర్వాత బయటి దేశం నుంచి దిగిన మెషిన్‌గన్ అయితే మామూలు మనిషి చేతికి రాకూడదు. పోలీసుల దగ్గరుండొచ్చు, వాళ్ళకి చూపించడానికి నమూనాగా లైసెన్సున్న వ్యాపారి దగ్గరుండొచ్చు. అంతే. దిగుమతి చేసినవాడు తన పేరు చెక్కాలని రూలు పెట్టింది కూడా ఆ చట్టమే."

"అంటే ఈ పేరుందంటే..."

"తర్వాత దిగిందన్నమాట."

"మరి నీ పేరు మీదికి ఎలా మార్చారు?"

"తుపాకుల అనుమతులిచ్చే ప్రభుత్వ ఆఫీసువాళ్ళు చూసుకోకుండా కాగితం మీద ముద్ర కొట్టేశారు. ఇప్పుడు రెనే పేరుకి మార్చమని అడిగితే పాత కాగితాలు తీసి చూశారట. పొరపాటయింది, మీ అనుమతి చెల్లదు, నెలాఖరులోగా లైసెన్సున్న వ్యాపారికో ప్రభుత్వానికో అప్పగించండి అని రాశారు. క్షమించండి అన్న మాట కూడా లేదు." హార్లన్ ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. "దీనికి నా కొండ ఇచ్చేశాను, ఓరిన్."

ఆ సంగతి నాకు తెలుసు. మా లోయలో అందరికీ తెలుసు. మా కెంటకీ కొండల్లో మార్పిడి కొత్త కాదు. నాగలికి కుక్క, పికప్ బండికి రెండు ఆవులు, గుడి మెట్ల మీద చేతులు కలిపితే బేరం అయిపోయినట్టే. రాయిస్ పెనెల్ మా చర్చి సంఘంలో నాతోపాటు పరిచారకుడు. పట్టణానికి వెళ్ళే దారిలో అతనికి తుపాకుల దుకాణం ఉంది. "కొండ ఏం పండిస్తుంది హార్లన్? ఇలాంటి తుపాకులు ఇక కొత్తవి రావు. ఏటేటా దీని విలువ పెరగడమే. కూతురికి ఇల్లు కట్టించాలంటే ఇదే కట్టిస్తుంది," అని చెప్పి, హార్లన్ తాత కొన్న తెల్ల ఓకు చెట్ల కొండను రాయించుకున్నాడు. ఆ కొండ మీది ఊట నుంచే గొట్టం ద్వారా హార్లన్ ఇంటికి నీళ్ళు వస్తాయి. నీళ్ళ జోలికి రానని రాయిస్ నోటిమాటగా అన్నాడు. సోదరుల మధ్య అంతకన్నా ఏం కావాలని మేమంతా అనుకున్నాం.

"రాయిస్‌ని అడిగావా?"

"బైబిలు వాక్యంలో ఉన్నట్టే ముందు ఒంటరిగా వెళ్ళాను. నవ్వాడు. ప్రభుత్వం ముద్ర కొట్టింది, పోట్లాట వాళ్ళతో పెట్టుకో అన్నాడు. వచ్చే గురువారం చెట్లు కొట్టేవాళ్ళు వస్తున్నారట. యంత్రాలు ఆ ఊట మీదుగానే ఎక్కాలి." హార్లన్ గొంతు తగ్గింది. "ఇప్పుడు ఇద్దరు సాక్షుల్ని తీసుకెళ్ళాలి. నువ్వు వస్తావా?"

వస్తానన్నాను. రెండో సాక్షిగా ఇవలీ అత్తను అడిగాం. ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపిన మనిషి. హార్లన్, రాయిస్, నేను, ముగ్గురం ఆమె బస్సులో చెవి మెలిపెట్టించుకున్నవాళ్ళమే.

సోమవారం పొద్దున దుకాణంలోకి వెళ్ళేసరికి రాయిస్ కాఫీ కాస్తున్నాడు. మమ్మల్ని చూడగానే ఎందుకొచ్చామో అతనికి అర్థమైంది. అయినా మూడు కప్పులు తీశాడు.

"రండి, రండి. ఇవలీ అత్తా, ఆ కుర్చీ నీదే. ఏం ఓరిన్, కోర్టులా వచ్చారే?"

"కోర్టు కాదులే," అంది ఇవలీ అత్త, కూర్చోకుండానే. "ఒక్క మాట అడగడానికి వచ్చాం. తుపాకి మీద చెక్కిన ఆ ముద్ర నువ్వు చూశావా లేదా?"

"చూడకపోవడమేంటి? పాతికేళ్ళుగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి. చూశాను. అది నమూనాగా వచ్చిందని కూడా తెలుసు. కాగితాలు ఆఫీసుకి పంపాను, వాళ్ళు సరేనన్నారు. వాళ్ళడగనిది నేనెందుకు చెప్పాలి?"

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. మా ముందు దాచాల్సిన అవసరమే అతనికి కనిపించలేదు. మేం బయటివాళ్ళం కాదుగా.

"ఆఫీసు సరే. హార్లన్‌కి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"హార్లన్ కూడా అడగలేదుగా."

"ఏమడగాలో తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తాను రాయిస్?" అన్నాడు హార్లన్. అతను ఇంకా టోపీ చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

"ఆ నల్ల రంగు ఎవరు వేశారు?" అంది ఇవలీ అత్త.

"తుప్పు పట్టకుండా వేస్తాం అత్తా."

"ఓహో. తుప్పు సరిగ్గా పేరున్న చోటే పడుతుందా?"

రాయిస్ నవ్వేశాడు. ఆ తర్వాత అతనన్న మాట తలుచుకుంటే ఈ రోజుకీ నా చెవులు వేడెక్కుతాయి.

"చూడండి, జరిగిందేదో జరిగింది. నెలాఖరులోగా దాన్ని ఎవరికో ఒకరికి అప్పగించాలి. ఈ చుట్టుపక్కల ఆ రకం లైసెన్సు నాకొక్కడికే ఉంది. నా దగ్గరైతే అది చట్టప్రకారం ఉండొచ్చు. హార్లన్‌కి ఇబ్బంది లేకుండా నేనే తీసుకుంటాను. ఊరికే. సోదరుడికి ఆ మాత్రం సాయం చేయనా?"

హార్లన్ చేతిలో పనికిరాకుండా పోయిన వస్తువు రాయిస్ చేతికి రాగానే మళ్ళీ విలువైనదవుతుంది. కొండా అతనిదే, తుపాకీ అతనిదే. పైగా దానికి సాయం అని పేరు.

"కొండ సంగతేంటి?" అన్నాను.

"కొండ నా పేరు మీద రిజిస్టరైంది. చెట్లు పీపాల మిల్లుకి బేరం పెట్టేశాను."

"విస్కీ పీపాలకా?" అంది ఇవలీ అత్త. "పోయిన నెల గుడిలో మందుకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది నువ్వే కదూ? నీ చెక్కలో మురగబెట్టింది తాగితే పాపం తగ్గుతుందేమో!"

కాఫీ ముట్టకుండా వచ్చేశాం.

బుధవారం ప్రార్థన కూడిక తర్వాత విషయం సంఘం ముందుకు వచ్చింది. రాయిస్ మా దగ్గర ఒప్పుకున్నది నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఇవలీ అత్త అవునంది. రాయిస్ కాదనలేదు. ముందు వరసలో కూర్చుని, ఆఫీసు చేసిన పొరపాటుకి తనకెంత బాధగా ఉందో చెప్పాడు. హార్లన్ ఒక్కటే అడిగాడు. "నా కొండ నాకిచ్చేయ్, నీ తుపాకి నువ్వు తీసుకో. ఇంకేం వద్దు."

పాస్టరు టెరెల్ గారు మంచి మనిషి. గొడవలంటే ఆయనకు భయం. గుడిలో మేం కూర్చున్న చోటికి వెచ్చటి గాలి పంపే కొత్త యంత్రం రాయిస్ ఇచ్చిందే. ఆయన నెమ్మదిగా లేచి, విశ్వాసులు ఒకరినొకరు కోర్టుకీడ్చకూడదని, అంతకన్నా నష్టాన్ని సహించడం మేలని అపొస్తలుడు బోధించాడని గుర్తుచేశారు. తప్పు జరిగింది ప్రభుత్వపు ఆఫీసులో గనుక మనలో ఎవరూ తప్పు చేసినట్టు కాదని, హార్లన్ ఈ భారం ప్రభువు మీద వేయాలని అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. పాస్టరుకి ఎదురు చెప్పడం నాకలవాటు లేదు.

"పాస్టర్ గారూ, తెలియక అడుగుతున్నాను. సహించడం మేలన్నది నష్టపోయినవాడు మోకాళ్ళ మీద తనకు తాను చెప్పుకోవాల్సిన మాట కదా? నష్టం చేసినవాడి పక్కన కూర్చుని మనం ఇంకొకడికి చెప్పడానికి రాశారా దాన్ని? రాయిస్‌కి చెప్పడానికి వాక్యంలో ఏమీ లేదా?"

ఆయన విషయాన్ని ఓటుకి పెట్టారు. చేతులు లేచాయి. హార్లన్ కోర్టుకి వెళ్ళకూడదని తీర్మానమైంది. నా చిన్నప్పటి నుంచి నాతో పాటలు పాడిన చేతులే అవన్నీ. వాటిని చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి ఇంటి నీళ్ళు పోతుంటే, ఆ పూట గుడిలో ఉన్న వెచ్చదనం పోకూడదని చేతులెత్తారు.

బయటికి వచ్చాక హార్లన్ అన్నాడు: "నేను కోర్టుకి వెళ్ళను, ఓరిన్. సంఘం వద్దంది. వాళ్ళ మాట కాదని ఆదివారం ఏ మొహంతో వచ్చి కూర్చోను?"

"వెళ్ళొద్దు," అన్నాను. నేనేం చేయాలో ఇల్లు చేరేలోపు నాకు తేలింది.

గురువారం పొద్దున ఇవలీ అత్తను బండిలో ఎక్కించుకుని కొండ కిందికి వెళ్ళాను. చెట్లు కొట్టేవాళ్ళు అప్పుడే వచ్చారు. లారీ మీది నుంచి గొలుసు చక్రాల యంత్రాన్ని దింపుతున్నారు. రాయిస్ గేటు దగ్గర నిలబడి దారి చూపిస్తున్నాడు. హార్లన్ తన వాకిట్లో నుంచి చూస్తున్నాడు. ఇంట్లో ఉన్న బకెట్లూ, పాల డబ్బాలూ అన్నీ నీళ్ళతో నింపి గోడ వారగా పెట్టుకున్నాడు. అది చూశాక నాకు మాట కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"రాయిస్, ఇలా రా. నెలాఖరుకి తుపాకి లెక్క చూడ్డానికి ఆఫీసు నుంచి మనిషి వస్తాడు. అది హార్లన్ దగ్గరికి ఎలా వచ్చిందని అడుగుతాడు. మమ్మల్ని అడిగితే నువ్వన్నదే చెబుతాం. చూశానన్నావ్, నమూనా అని తెలుసన్నావ్, అడగలేదు గనుక చెప్పలేదన్నావ్."

అతని లైసెన్సు పోయే మాట అది. రాయిస్ ముఖం మాడిపోయింది. "సంఘంలో మాట్లాడుకున్నది బయట పెడతారా? నిన్న తీర్మానం చేశారుగా!"

"హార్లన్ నీ మీద కోర్టుకెళ్ళకూడదని చేశారు. అడిగితే నన్ను అబద్ధం చెప్పమని ఎవరూ చేయలేదు."

"సోదరుణ్ణి ప్రభుత్వానికి పట్టిస్తావా, ఓరిన్?"

"ఇద్దరు సాక్షుల్ని తీసుకెళ్ళమని వాక్యంలో ఎందుకన్నారనుకున్నావ్?" అంది ఇవలీ అత్త. "నీ కాఫీ తాగడానికా?"

రాయిస్ యంత్రం వైపు, మా వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "సరే. కొండ తిరిగిచ్చేస్తే నోరు మూసుకుంటారా?"

నిజానికి అక్కడే నాకు భయం వేసింది. ఊఁ అంటే పనైపోతుంది. హార్లన్ నీళ్ళు హార్లన్‌కి ఉంటాయి. కానీ అలా అంటే నేనూ రాయిస్‌లాగే బేరం చేసినట్టు కాదా?

"లేదు," అన్నాను. "ఇచ్చినా, అడిగితే చెబుతాను. ఇవ్వకపోయినా చెబుతాను. ఆ రోజు చెప్పే మాటల్లో, తప్పు తెలిశాక తిరిగిచ్చాడన్నది కూడా ఉండాలో అక్కర్లేదో నువ్వే చూసుకో."

అతను నన్ను తిట్టాడు. పరిచారకుడి నోట రాకూడని మాట అది. తర్వాత గేటు దగ్గరికి నడిచి, దింపిన యంత్రాన్ని మళ్ళీ లారీ ఎక్కించమని కేకేశాడు.

శుక్రవారం పట్టణంలో కొండ మళ్ళీ హార్లన్ పేరు మీద రాశాడు. తుపాకి ఆఫీసు అనుమతి రాగానే రాయిస్ దుకాణానికి చేరేలా ఏర్పాటైంది. దగ్గర్లో దానికి చట్టం ఒప్పుకునే చోటు అదే. హార్లన్ ఇంటికి వచ్చి కుళాయి తిప్పి, ఊరికే అలా నీళ్ళు పారనిస్తూ నిలబడ్డాడని రెనే చెప్పింది.

కథ అంతటితో అయిపోవాల్సింది. కానీ ఆదివారం గుడికి వెళ్ళేసరికి అందరూ రాయిస్ చుట్టూ మూగి ఉన్నారు. వీపు తడుతున్నారు. సంఘం తన పక్షానే తీర్మానించినా, సోదరుడి కోసం కొండను వదులుకున్నాడట. అంత పెద్ద మనసు ఎవరికుంటుందంటున్నారు. హార్లన్ చేత అతని చేయి పట్టించి ఊపించారు. హార్లన్ థాంక్స్ కూడా చెప్పాడు. అది విని ఇవలీ అత్త తన పర్సులో దేనికోసమో గట్టిగా వెతకడం మొదలుపెట్టింది.

పాస్టరు గారు పీఠం ఎక్కి నా వైపు చూశారు. "బ్రదర్ ఓరిన్, మన బ్రదర్ రాయిస్ చూపిన ఔదార్యం కోసం మీరు ప్రభువుకి కృతజ్ఞత చెల్లించండి."

అందరూ తలలు వంచారు. లేచి నిలబడి కళ్ళు మూసుకున్నాను. దేవుడి ముందు పెట్టకూడని మాటలు నాలుక చివరి దాకా వచ్చాయి. వాటిని మింగాను. కానీ లేని మాట ఒకటి ఆయనకు ఎలా చెప్పడం? మనుషులకు చెప్పడానికే నాకు చేతకాలేదు.

"ప్రభువా," అన్నాను. "హార్లన్ కొండ హార్లన్‌కి చేరింది. ఊట చెడలేదు. ఇంట్లో నీళ్ళు వస్తున్నాయి. నీకు వందనాలు."

అక్కడ ఆగిపోయాను. ఒక్క కన్ను కొంచెం తెరిచి చూశాను. ముందు వరసలో రాయిస్ తల బాగా వంచుకుని, చేతులు జోడించి, తన పేరు కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఆమెన్," అని కూర్చున్నాను.